లేని గుమ్మాల దగ్గర ఆగే రైలు: బీజింగ్ మెట్రో లైన్ 2, నాలుగేళ్ల వాడకం తర్వాత

బీజింగ్‌కి వచ్చిన కొత్తలో లైన్ 2 మ్యాపు చూసి సంబరపడ్డాను. చావోయాంగ్‌మెన్, డాంగ్‌జిమెన్, ఫూచెంగ్‌మెన్, శువాన్‌వూమెన్... చైనా భాషలో 'మెన్' అంటే ద్వారం. 18 స్టేషన్లలో 11 పేర్లు ఇలాంటివే. వరసగా కోటగుమ్మాలన్నీ చూసేయొచ్చనుకుని చావోయాంగ్‌మెన్‌లో దిగాను. పైకొస్తే ఆఫీసు మేడలు, ట్రాఫిక్. గుమ్మం ఎక్కడని నాకొచ్చిన నాలుగు ముక్కల్లో అడిగితే ఓ పెద్దాయన నవ్వి, కాలితో నేలను తట్టి చూపించాడు.

ఆ తట్టడంలోని అర్థం తర్వాత తెలిసింది. 1965లో మెట్రో పనులు మొదలయ్యాక మింగ్ రాజవంశ కాలపు నగర గోడను పడగొట్టి, ఆ జాడలోనే సొరంగం వేశారు. 23 కిలోమీటర్ల ఈ చుట్టు లైను చాలావరకు ఆ గోడ గీసిన గీతే. ఆ 11 స్టేషన్లలో పాత గుమ్మం నిజంగా నిలబడి ఉన్నది చియెన్‌మెన్ దగ్గర మాత్రమే. హైదరాబాద్ గోడకున్న 13 దర్వాజాల్లో దబీర్‌పురా, పురానాపూల్ మిగిలినట్టన్నమాట.

అందుకే బంధువులెవరొచ్చినా ముందు జియాన్‌గువోమెన్‌లో దింపుతాను. మెట్లెక్కగానే 1442 నాటి నక్షత్ర పరిశీలనశాల. గోడంతా పోతుంటే దీన్ని మాత్రం కాపాడి, మెట్రోని పక్కనుంచి పోనిచ్చారు. పైన ఆరుబయట కంచు పరికరాలు, కింద రైళ్లు. పక్క స్టేషన్లలో దిగితే చోంగ్‌వెన్‌మెన్ నుంచి ఆగ్నేయ బురుజు దాకా కిలోమీటరున్నర గోడ మిగిలి ఉంది. ఒకప్పుడు జనం ఇళ్లకు మోసుకుపోయిన ఇటుకల్ని తిరిగి తెచ్చిస్తే దాన్ని బాగుచేశారు. కొత్త ఇటుక, పాత ఇటుక రంగులోనే తెలిసిపోతాయి. యోంగ్‌హెగోంగ్ బౌద్ధ మఠం కూడా ఈ లైను మీదే, స్టేషన్ నుంచి నాలుగడుగులు.

ఛార్జీ విషయంలో వంక పెట్టలేను. ఆరు కిలోమీటర్ల దాకా 3 యువాన్లు. బోర్డుల మీద ఇంగ్లీషు అక్షరాలుంటాయి, తప్పిపోవడం కష్టం. విసుగు తెప్పించేది బ్యాగుల తనిఖీ. ప్రతి స్టేషన్‌లో, ప్రతిసారీ. చేతిలో నీళ్ల సీసా ఉంటే ఒక గుక్క తాగి చూపించమనడమూ మామూలే. రైలు మారడమంటే ఇంకో ప్రయాణం. శీజిమెన్‌లో అయితే పెద్దవాళ్లని నడిపించకండి.

రాజప్రాసాదానికి, అంటే ఫర్బిడెన్ సిటీకి, లైన్ 1లో తియానాన్‌మెన్ తూర్పు స్టేషన్ సరిపోతుంది. కానీ లోపలికి దక్షిణం నుంచే పంపిస్తారు, ఉత్తరాన బయటపడితే దగ్గర్లో మెట్రో లేదు. చెప్పులు తూర్పు వాకిట విడిచి పడమటి వాకిట తేలినట్టుంటుంది. టికెట్లు ముందే తీసుకోవాలి, పాస్‌పోర్టు తప్పనిసరి, సోమవారం సెలవు. స్వర్గ దేవాలయానికి లైన్ 5 హాయి. తూర్పు ద్వారం దగ్గరే దిగి, పేకాడుతున్న తాతయ్యల మధ్యగా పొడవాటి వసారాలో నడిస్తే ఆ గుండ్రటి నీలి కప్పు మందిరం వచ్చేస్తుంది.

ఊరి బయట మాత్రం స్టేషన్ పేర్లను నమ్మకండి. చాంగ్‌పింగ్ లైనులో మింగ్ సమాధుల పేరుతో స్టేషన్ ఉంది. దిగాక సమాధులకి ఇంకా కిలోమీటర్లు, బస్సెక్కాల్సిందే. నేను జనవరిలో, ఆ మాత్రం నడవలేమా అని బయల్దేరాను. పావుగంటకే వెనక్కి తిరిగాను, చెవులున్నాయో లేదో తడుముకుంటూ.