జాగ్రత్త: పిల్లలకి పాత గేమ్ డిస్కులు కొంటున్నారా? ధర స్టిక్కర్ కింద ఏముందో చూశాకే డబ్బులివ్వండి

విజయవాడలో పిల్లల కోసం సెకండ్ హ్యాండ్ ప్లేస్టేషన్ (టీవీకి తగిలించి ఆడే గేమ్ మెషీన్) కొనాలనుకుంటున్న వాళ్లు దయచేసి ఇది చదవండి. ముఖ్యంగా "కిడ్స్ ప్యాక్ ఉందన్నా", "అకౌంట్‌తో సహా ఇస్తాం", "గేములన్నీ లోడ్ చేసే ఉన్నాయి" అనే మాటలు ఏ షాపులో వినబడినా ఒక్క నిమిషం ఆగండి. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి షాపు పేరు రాయడం లేదు. గవర్నర్‌పేట వైపు అని మాత్రం చెబుతాను.

గుంటూరులో ఉండే మా అక్క కొడుకు ఆరో తరగతి. దసరా సెలవులకి వాడికి ప్లేస్టేషన్ ఇప్పిస్తానని ఎప్పుడో మాటిచ్చాను. కొత్త పీఎస్5 అయితే అర లక్ష పైనే. అందుకే పాత పీఎస్4 చూద్దామని వెళ్లాను. పదకొండేళ్ల పిల్లాడికి, ఫుట్‌బాల్, కార్ రేసులు లాంటివైతే చాలు అని కౌంటర్ దగ్గర ముందే చెప్పాను. కుర్రాడు తడుముకోకుండా "అయితే కిడ్స్ ప్యాక్ తీసుకోండన్నా, పిల్లలున్న వాళ్లంతా ఇదే పట్టుకెళ్తున్నారు" అన్నాడు. మెషీన్, రెండు కంట్రోలర్లు, రెండు డిస్కులు, లోపల లోడ్ చేసి ఉన్న ఇంకొన్ని గేములు, అన్నీ కలిపి 19 వేలు. బిల్లు అడిగితే పాత సామానుకి బిల్లుండదన్నాడు. వాట్సాప్‌లో మెసేజ్ పెడతా, అదే వారంటీ అన్నాడు.

పిల్లాడి చేతికి అది అందిన రెండో రోజే అక్క ఫోన్. "ఒరేయ్, ఏం కొనిచ్చావురా వీడికి? టీవీలో మనిషి పీక కోస్తుంటే వీడు పెరుగన్నం తింటూ చూస్తున్నాడు!" నేను రేసు గేమ్ అనుకుని తెచ్చింది అదే. అట్ట మీద ఉన్నది బండ్లు, దుమ్ము, ఎడారి. షాపు కుర్రాడు కూడా "బండ్లు తోలుకునే గేమ్" అనే చెప్పాడు.

బావ ఆ డబ్బా మీద ధర స్టిక్కర్‌ని గోరుతో గీకి ఫొటో పంపాడు. ముందు వైపు అట్ట అడుగున, ఎడమ మూల, సరిగ్గా గడికి గడి సరిపోయేట్టు రూ.650 స్టిక్కర్. దాని కింద ఎర్ర గడిలో తెల్లగా 18. వెనక్కి తిప్పితే అక్కడ ఇంకో స్టిక్కర్, షాపు సీరియల్ నంబర్‌ది. దాని కింద మళ్లీ 18, పక్కన పిడికిలి బొమ్మ. పోనీ పొరపాటు అనుకుందామంటే, రెండో డిస్కు ఫుట్‌బాల్ గేమ్, దాని రేటింగ్ ఆకుపచ్చ గడిలో 3. దాని ధర స్టిక్కర్ మాత్రం పై మూల కుడి వైపు అంటించారు. ఆ 3 ఎంత దూరం నుంచైనా కనబడుతుంది. అంటే స్టిక్కర్ ఎక్కడ అంటించాలో వాళ్లకి బాగానే తెలుసు.

ఈ గుర్తులు తెలియని వాళ్ల కోసం కొంచెం చెబుతాను. మన దగ్గర దొరికే డబ్బాల మీద ఎక్కువగా రెండు రకాల రేటింగులు కనబడతాయి. ఒకటి యూరప్ వాళ్ల పెగి, 2003 నుంచి ఉంది. ఏ వయసు నుంచి తగినదో చెప్పేందుకు చదరం గడిలో 3, 7, 12, 16, 18 అంకెల్లో ఒకటి వేస్తారు. 3, 7 ఆకుపచ్చ, 12, 16 నారింజ, 18 ఎరుపు. వెనక చిన్న బొమ్మలుంటాయి. పిడికిలి అంటే హింస, సాలెపురుగు అంటే భయపెట్టేవి, సిరంజి అంటే మత్తుమందులు, పాచికలు అంటే జూదం. రెండోది అమెరికా వాళ్ల ఈఎస్ఆర్‌బీ. నలుపు తెలుపు గడిలో ఇంగ్లిష్ అక్షరం ఉంటుంది. ఈ (E) ఉంటే అందరికీ, టీ (T) ఉంటే 13 నిండిన వాళ్లకి, ఎం (M) ఉంటే 17 నిండిన వాళ్లకి. 1993లో అక్కడి సెనేట్‌లో గేముల్లో హింస మీద విచారణ జరిగి, మీరు చేస్తారా మమ్మల్ని చట్టం చేయమంటారా అని నాయకులు గట్టిగా అడిగాక, మరుసటి ఏడాది కంపెనీలే ఆ బోర్డు పెట్టుకున్నాయి.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. ఆ అంకె ఆట కష్టమా తేలికా అని చెప్పేది కాదు. 3 ఉన్న ఫుట్‌బాల్ గేమ్‌ని మూడేళ్ల పిల్లాడు ఆడలేడు, పెద్దవాళ్లకే ఓ పట్టాన కొరుకుడు పడదు. ఆ వయసు పిల్లాడు చూడకూడనిది అందులో ఏమీ లేదని దాని అర్థం, అంతే. మా వాడికి తెలివెక్కువ, 18 గేమ్ కూడా ఇట్టే నేర్చేసుకుంటాడని మురిసిపోయే నాన్నలు మన చుట్టూ ఉన్నారు కాబట్టి ఇది రాయాల్సి వచ్చింది.

డిస్కు సంగతి కంటే నాకు ఎక్కువ కోపం తెప్పించింది ఆ అకౌంట్ వ్యవహారం. మెషీన్ ఆన్ చేస్తే ఒకే యూజర్ ఉన్నాడు, షాపు వాళ్లు పెట్టిన అకౌంట్. పుట్టిన సంవత్సరం 1990. ప్లేస్టేషన్‌లో వయసు కట్టడి అంతా పిల్లల పేరు మీద తెరిచిన చైల్డ్ అకౌంట్‌కి వర్తిస్తుంది. అక్కడ వయసు స్థాయి, రోజుకి ఎంతసేపు ఆడొచ్చు, నెలకి ఎంత ఖర్చు పెట్టొచ్చు అన్నీ తల్లిదండ్రులు పెట్టొచ్చు. 1990లో పుట్టిన మనిషిగా పిల్లాడు లాగిన్ అయితే మెషీన్ దృష్టిలో వాడు పెద్దమనిషే, ఏదీ ఆపదు. లోపల లోడ్ చేసిన వాటిలో నేరాలు, కాల్పులతో నడిచే జీటీఏ 5 కూడా ఉంది. యూరప్‌లో దానికి 18, అమెరికాలో ఎం. మా తరం నెట్ సెంటర్లలో గంటకింత ఇచ్చి వైస్ సిటీ ఆడిన వాళ్లమే, ఆ సిరీస్ ఏంటో నాకు చెప్పక్కర్లేదు. కిడ్స్ ప్యాక్‌లో అది ఎందుకుంది?

పైగా వాట్సాప్ మెసేజ్‌లో "కొత్త యూజర్ క్రియేట్ చేయకండి, గేమ్స్ పోతాయి, మా బాధ్యత కాదు" అని రాశారు. అది అబద్ధం. ఒక అకౌంట్‌ని ఆ మెషీన్‌లో ప్రైమరీగా, అంటే ఇదే దాని సొంత మెషీన్ అని పెడితే, అందులో కొన్న గేములు అదే మెషీన్‌లో ఉన్న వేరే యూజర్లు కూడా ఆడుకోవచ్చు. బావ ఫ్యామిలీ అకౌంట్ తెరిచి పిల్లాడికి వేరే యూజర్ పెట్టాడు. వయసు పెట్టగానే జీటీఏ తెరుచుకోవడం మానేసింది, ఫుట్‌బాల్ హాయిగా ఆడింది. అక్కడితో అయిపోయిందనుకున్నాం. కొన్నాళ్లకి లోడ్ చేసిన గేములన్నిటి మీదా తాళం గుర్తు వచ్చి కూర్చుంది. ఒక అకౌంట్‌కి ఒకసారికి ఒక్క పీఎస్4 మాత్రమే ప్రైమరీగా ఉంటుంది కాబట్టి, షాపు వాళ్లు అదే అకౌంట్‌ని ఇంకొకరికి అమ్మి, వాళ్ల మెషీన్‌లో ప్రైమరీ చేసుకుంటే మన దగ్గర జరిగేది ఇదే. ఒకే గేమ్‌ని నలుగురికి అమ్ముకునే వ్యాపారం ఇది. అకౌంట్ ఇంకొకరికి అమ్మడం, పంచడం ప్లేస్టేషన్ నిబంధనలకే విరుద్ధం కాబట్టి కంపెనీకి మొరపెట్టుకున్నా మనకి దిక్కుండదు.

షాపుకి వెళ్లి అడిగాను. ఓనర్ చాలా మర్యాదగానే మాట్లాడాడు. "స్టిక్కర్లు మా కుర్రాళ్లు ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ అంటిస్తారు సార్. అయినా మన దేశంలో ఆ నంబర్‌కి లెక్కేముంది? పిల్లలు ఏం ఆడుతున్నారో ఇంట్లో పెద్దవాళ్లు చూసుకోవాలి." డబ్బు వెనక్కివ్వడం కుదరదన్నాడు. కావాలంటే వేరే అకౌంట్ లోడ్ చేస్తానన్నాడు.

ఒళ్లు మండినా, ఆయన అన్నదాంట్లో సగం నిజం. మన దగ్గర గేమ్ డిస్కు వయసు చూసి అమ్మాలని చట్టం లేదు. సినిమాకి 1952 నాటి చట్టం ఉంది, సెన్సార్ బోర్డు ఉంది, 2023 సవరణతో, పెద్దల తోడుతో పిల్లలు చూడొచ్చనే యూఏ సర్టిఫికెట్ కూడా 7, 13, 16 అని మూడుగా విడిపోయింది. ఓటీటీలో వచ్చే సిరీస్‌కి కూడా 2021 ఐటీ నిబంధనల ప్రకారం వయసు వేయాలి. డబ్బాలో అమ్మే గేమ్‌కి మాత్రం బోర్డు లేదు, అడిగే నాథుడు లేడు. 2025 ఆగస్టులో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం నిషేధించింది డబ్బు పెట్టి ఆడే ఆటల్ని. మన రాష్ట్రం ఆన్‌లైన్ రమ్మీ లాంటి వాటిని 2020లోనే నిషేధించింది. అవి వేరే రోగానికి మందు. విచిత్రం చూడండి, తూనికలు కొలతల నిబంధనల ప్రకారం ప్యాక్ చేసిన సరుకు మీద ఎమ్మార్పీని కప్పేస్తూ స్టిక్కర్ అంటించకూడదు. 18 అనే అంకెని కప్పేస్తే అడ్డుపడే నిబంధన లేదు.

బావ అయితే ఇలాంటి గేములన్నీ ప్రభుత్వం బ్యాన్ చేసి పారేయాలంటాడు. నేను ఒప్పుకోను. 2020 సెప్టెంబరులో పబ్జీని నిషేధించారు. మా అపార్ట్‌మెంట్ పిల్లలు ఎవరూ ఫోన్ కింద పెట్టలేదు, ఇంకో గేమ్‌కి మారారు. మరుసటి ఏడాది అదే ఆట వేరే పేరుతో వచ్చింది. 18 లోపు వాళ్లకి రోజుకి మూడు గంటలే అని పరిమితి పెట్టారు. అయితే వయసు అడిగినప్పుడు నాన్న పుట్టిన తేదీ కొట్టడం ఏ పిల్లాడికి రాదు? పెద్దవాళ్ల కోసం తీసిన గేమ్ పెద్దవాళ్లు ఆడుకుంటే ఎవరికీ నష్టం లేదు. బ్రిటన్‌లో 2012 నుంచి 12, 16, 18 గేముల్ని అంతకంటే చిన్నవాళ్లకి అమ్మితే షాపు మీదే కేసు. ఆ పద్ధతి నాకు నచ్చింది. అమెరికాలో కాలిఫోర్నియా ఇలాంటి చట్టం చేస్తే భావ ప్రకటనా స్వేచ్ఛకి అడ్డమని 2011లో సుప్రీంకోర్టు కొట్టేసింది. అక్కడ చట్టం లేకపోయినా పెద్ద షాపులు వయసు అడగడాన్ని తమ పద్ధతిగా పెట్టుకున్నాయి.

ఇంట్లో పెద్దవాళ్లే చూసుకోవాలి అనే మాటకి నా జవాబు ఒక్కటే. చూసుకుంటాం, ముందు ఆ అంకె మాకు కనబడనివ్వండి. మందు షీటు మీద గడువు తేదీ కప్పేసి అమ్మి, తేదీ చూసుకోవడం రోగి బాధ్యత అంటే ఎలా ఉంటుంది? మా అక్క స్కూల్ టీచర్, పిల్లాడి చేతిలో ఏముందో చూడని మనిషి కాదు. రెండో రోజే పట్టుకుంది. పట్టుకునే లోపే వాడు చూడాల్సింది చూసేశాడు.

కొనక తప్పదు అనుకునే వాళ్లు డబ్బు కట్టకముందు షాపులోనే టీవీకి పెట్టించి, సెట్టింగ్స్‌లోకి వెళ్లి మెషీన్ మొత్తం ఇనిషియలైజ్ చేయించండి. పాత అకౌంట్లు, లోడ్ చేసిన గేములు అన్నీ పోతాయి. పోనివ్వండి, అవి ఎలాగూ మీవి కావు. ఇనిషియలైజ్ చేయం అన్నారంటే లేచి వచ్చేయండి. తర్వాత మీ సొంత అకౌంట్‌తో అక్కడే లాగిన్ అయి చూడండి. ఇంతకు ముందు ఏదో గొడవ వల్ల కంపెనీ నెట్‌వర్క్ నుంచి బ్యాన్ చేసిన మెషీన్లు కూడా చేతులు మారుతుంటాయి, అలాంటిదైతే అక్కడే తెలిసిపోతుంది. ఇంటికి తెచ్చాక పేరెంటల్ కంట్రోల్స్‌లో పాస్‌కోడ్ మార్చడం మర్చిపోకండి. మొదట వచ్చేది నాలుగు సున్నాలు, అది మీకంటే ముందు మీ పిల్లలకే తెలిసి ఉంటుంది. అక్కడే కొత్త యూజర్‌ని తయారు చేయడం, గెస్ట్‌గా లాగిన్ కావడం కూడా ఆపేయండి. లేకపోతే మీరు పెట్టిన చైల్డ్ అకౌంట్‌ని పక్కనపెట్టి వాడు ఇంకో పేరుతో దూరతాడు.

డిస్కు కొనేటప్పుడు స్టిక్కర్ తీసి చూపించమని అడగండి. మొహమాటం వద్దు. గేమ్ పేరు ఫోన్‌లో కొట్టి పక్కన పెగి అని రాస్తే రేటింగ్ వెంటనే వస్తుంది.

నేను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. రేటింగ్ మీద చట్టం లేకపోయినా, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతే. బిల్లులో గడువు రాయనప్పుడు లోపమున్న సరుకుని 30 రోజుల్లోపు వెనక్కి తీసుకోనని మొండికేయడం కూడా అంతే. హెల్ప్‌లైన్‌తో తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాం. 5 లక్షల లోపు కొనుగోళ్లకి అక్కడ ఫీజు లేదు, షాపు విజయవాడలో ఉన్నా మా అక్క గుంటూరులోనే వేసుకోవచ్చు. మీలో ఎవరైనా ఇలా అకౌంట్ పేరుతో కొని మోసపోయి ఉంటే యూపీఐ చెల్లింపు స్క్రీన్‌షాట్, షాపు వాళ్ల వాట్సాప్ మెసేజ్‌లు డిలీట్ చేయకండి. డబ్బా మీద స్టిక్కర్ ఇంకా ఉంటే పీకేముందు ఫొటో తీసుకోండి, పీకాక ఇంకోటి. మా దగ్గర పీకాక తీసినదే ఉంది, అందుకే ఆ స్టిక్కర్ మాది కాదని షాపు ఓనర్ ఇప్పుడు కొత్త పాట అందుకున్నాడు.