ఒకసారి కాల్చిన .308 కేసులు: ఐదేళ్ల వాడకం తర్వాత

రైఫిల్ తూటా పేలాక మిగిలే ఖాళీ ఇత్తడి గొట్టమే కేసు. మళ్లీ తుపాకి మందు, బుల్లెట్ పెట్టి వాడుకోడానికి, అంటే రీలోడింగ్‌కి, ఒక సంచీడు కొన్నాను. "అన్నీ ఒక్కసారే కాల్చినవి, సైన్యం సరుకు, ఒకే తయారీ" అని చెప్పి అమ్మారు. సంచీ విప్పి 500 కేసులూ టేబుల్ మీద పోశాక చూస్తే, అడుగున ముద్రలు నాలుగు రకాలున్నాయి. ఎక్కువ భాగం మీద వృత్తంలో ప్లస్ గుర్తు, అంటే నాటో ముద్ర, పక్కనే తయారీ సంవత్సరం చివరి రెండు అంకెలు. మిగతావి ఎవరో ఊడ్చి తెచ్చి కలిపినట్టున్నాయి. ఓ డజను బెర్డాన్ రకం కూడా తగిలాయి. లోపలికి టార్చి కొట్టి చూస్తే మధ్యలో ఒక రంధ్రం ఉండాల్సింది, వీటికి పక్కపక్కనే రెండు చిన్న రంధ్రాలు. వీటి నుంచి పాత ప్రైమర్‌ని (మందుని అంటించే అడుగు బిళ్ల) మామూలు డైతో (ప్రెస్‌లో బిగించే ఉక్కు అచ్చు) తీయబోతే పిన్ను విరగడం తప్ప ఇంకేం జరగదు. వాటిని పక్కన పడేసి, ఒకే ముద్ర ఉన్న 412 మాత్రం ఉంచుకున్నాను. ఈ ఐదేళ్ల అనుభవం ఆ 412 గురించే.

సైనిక కేసుల గోడలు మందం. తూకం వేస్తే నావి ఒక్కొక్కటి సుమారు 180 గ్రెయిన్లు (తూటాల తూకానికి వాడే చిన్న కొలత) వచ్చాయి. నా దగ్గరున్న మామూలు వాణిజ్య కేసులు 160కి కాస్త అటూ ఇటూ. బయటి కొలత ఒకటే కాబట్టి ఆ ఎక్కువ లోహమంతా లోపలి చోటును తినేస్తుంది. చోటు తగ్గితే అదే మందుకి ఒత్తిడి పెరుగుతుంది. అందుకే వాణిజ్య కేసుకి కుదిరిన లోడ్‌ని (మందు కొలతని) దీంట్లో యథాతథంగా వాడకూడదు. లోడింగ్ మాన్యువల్‌లో ఇచ్చిన ప్రారంభ లోడ్ నుంచి మళ్లీ మొదలుపెట్టాల్సిందే. ముద్రలు కలిపేసి లోడ్ చేస్తే టార్గెట్ మీద గుంపు చెదిరిపోవడం ఒక్కటే కాదు, ఏ తూటాలో ఎంత ఒత్తిడి వస్తుందో మీకే తెలియదు.

వీటికి ఇంకో తలనొప్పి, ప్రైమర్ ఊడకుండా చుట్టూ నొక్కి ఉంచిన లోహపు అంచు, అంటే క్రింప్. అది తీయకుండా కొత్త ప్రైమర్ ఎక్కిస్తే వంకరపోతుంది, ఒక్కోసారి నలిగిపోతుంది. మొదట చేతి రీమర్‌తో గీకాను. వంద దాటేసరికి బొటనవేలు బొబ్బలెక్కింది. అంతకన్నా బాధ, ఓ ముప్పై పాకెట్లు (ప్రైమర్ కూర్చునే గుంటలు) ఎక్కువ గీకి వదులు చేసుకున్నాను. తర్వాత స్వేజింగ్ టూల్ కొన్నాను. అది లోహాన్ని కోయదు, పక్కకి నొక్కుతుంది. మళ్లీ మొదలుపెట్టాల్సి వస్తే ముందు కొనేది అదే.

శుభ్రం చేయడం గురించి పెద్దగా చెప్పేదేం లేదు. స్టీల్ పిన్నులు, నీళ్లు, గిన్నెల సబ్బు, చిటికెడు సిట్రిక్ యాసిడ్ వేసి తిప్పితే కొత్తవాటిలా మెరుస్తాయి. మెరుపు వల్ల గురి పెరగదు, కానీ పగుళ్లు బాగా కనబడతాయి. బుల్లెట్ కూర్చునే సన్నని మెడలో పిన్నులు అడ్డంగా ఇరుక్కుంటాయి, ఆరాక ఒక్కోదాన్నీ చూడాలి. ఆ నల్లనీళ్లలో ప్రైమర్ నుంచి వచ్చిన సీసం ఉంటుంది కాబట్టి గ్లవ్స్ తప్పనిసరి, వంటగదికి దూరం. అమ్మోనియా ఉన్న పాలిష్‌ల జోలికి మాత్రం పోవద్దు. బ్రిటిష్ వాళ్ల కాలంలో ఇండియాలో వానాకాలం గుర్రపుశాలల్లో దాచిన తూటాల కేసులు వాటంతట అవే పగిలేవి. కారణం గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా అని తేలింది 1921లో. ఇత్తడి శత్రువు అప్పటికీ ఇప్పటికీ అదే.

సైజింగ్ దగ్గర, అంటే ఉబ్బిన కేసుని డైలో నొక్కి అసలు కొలతకి తెచ్చే దగ్గర, నా పరువు పోయింది. మెషిన్‌గన్‌లో కాల్చిన కేసులు బాగా ఉబ్బి ఉంటాయి, దాని ఛాంబర్ (తూటా కూర్చునే చోటు) వదులుగా ఉంటుంది గనుక. మొదటిసారి డైలోకి తోయడానికి ప్రెస్ హ్యాండిల్ మీద దాదాపు వేలాడాల్సొచ్చింది. పదిహేనో కేసుకి లూబ్ (జారడానికి పూసే జిడ్డు) రాయడం మర్చిపోయాను. లోపలికి వెళ్లింది, తిరిగి రాలేదు. గట్టిగా లాగితే అంచు చిరిగి చేతికొచ్చింది. చివరికి అడుగున రంధ్రం వేసి, మర కోసి, బోల్టు బిగించి లాగితే గాని ఊడలేదు. ఒక సాయంత్రం పోయింది. అప్పట్నుంచి లానొలిన్, ఆల్కహాల్ కలిపిన స్ప్రే వాడుతున్నాను. మెడ లోపలికి కూడా కాస్త పడేలా కొట్టి, ఆల్కహాల్ ఆరిపోయాకే డైలో పెడతాను.

సైజ్ చేస్తే కేసు పొడవు పెరుగుతుంది. .308కి గరిష్ఠం 2.015 అంగుళాలు, నేను 2.005కి కోస్తాను. పొడవైన మెడ ఛాంబర్ చివర తగిలి బుల్లెట్‌ని బిగించేస్తుంది, ఒత్తిడి అమాంతం పెరుగుతుంది.

అసలు ప్రాణం మీదికొచ్చే విషయం ఇంకొకటి. డైని తయారీదారు చెప్పినట్టు షెల్‌హోల్డర్‌కి (ప్రెస్‌లో కేసు అడుగుని పట్టుకునేది) తగిలేదాకా దించి, భుజాన్ని (మెడ కింద ఏటవాలు భాగం) ఇష్టమొచ్చినంత వెనక్కి నెట్టాను మొదటి ఏడాది. అలా చేస్తే కేసు ఛాంబర్‌లో కాస్త పొట్టిగా కూర్చుంటుంది. పేలగానే ముందు గోడలు ఛాంబర్‌ని పట్టుకుంటాయి, అడుగు మాత్రం వెనకనుంచి ఛాంబర్‌ని మూసే రైఫిల్ బోల్టు తగిలేదాకా వెనక్కి జరుగుతుంది. ఆ సాగుడంతా అడుగుకి కొంచెం పైనున్న గోడ మీద పడుతుంది. ప్రతిసారీ అదే చోట పలచబడి, చివరికి కేసు రెండు ముక్కలవుతుంది. బయట సన్నని మెరిసే ఉంగరం కనబడేసరికే ఆలస్యమైనట్టు. పేపర్ క్లిప్ కొన వంచి, లోపల గోడ వెంట కింది నుంచి పైకి లాగి చూడండి. గోరుతో గీతని తడిమినట్టు ఎక్కడో ఒకచోట టక్కున చిక్కుతుంది. నాకు మూడో కాల్పు తర్వాత 19 కేసుల్లో చిక్కింది. అనుమానం తీరక ఒకదాన్ని హ్యాక్సాతో నిలువునా కోశాను. లోపల చుట్టూతా గాడి, అక్కడ గోడ మందం సగం కూడా లేదు. ఆ రోజు రాత్రి నిద్ర సరిగ్గా పట్టలేదు, నిజం చెప్తున్నా. ఇప్పుడు కంపారేటర్‌తో (భుజం ఎక్కడుందో చూపే కొలత పరికరం) కొలిచి భుజాన్ని 0.002 అంగుళం మాత్రమే వెనక్కి నెడుతున్నాను. నాది బోల్ట్ యాక్షన్ రైఫిల్, దానికి అది చాలు.

ప్రతి రెండు కాల్పులకీ ఎనీలింగ్ చేస్తాను. కాల్చడం, నొక్కడం వల్ల మెడ గట్టిపడి చీలుతుంది, వేడి చేస్తే మళ్లీ మెత్తబడుతుంది. గది చీకటి చేసి, టార్చ్ మంటలో మెడ, భుజం తిప్పుతూ, ఎరుపు కనీకనబడకముందే తీసేస్తాను. అడుగు భాగానికి వేడి పాకితే ఆ కేసు పనికిరాదు, ఎందుకంటే ఒత్తిడినంతా మోసేది అదే. వేడికి రంగు మారే పూత పూసి సరిచూసుకుంటే ఊహలు ఉండవు.

కొనొచ్చా? ముద్ర ఒకటే ఉంటే, పని చేసే ఓపిక ఉంటే కొనొచ్చు. రేంజ్ నేల మీద ఏరుకున్నవి నాకు ఉచితంగా ఇచ్చినా వద్దు, ఏ రైఫిల్‌లో ఎన్నిసార్లు కాలాయో చెప్పేవాడు ఉండడు. తొందరలో ఉన్నవాళ్లకి కొత్త కేసులే మేలు. మీ దగ్గర రీలోడింగ్‌కి చట్టం ఏమంటుందో ముందే కనుక్కోండి.

412లో ఇప్పుడు 338 మిగిలాయి, ఆరేసి కాల్పులు అయ్యాయి. 50 చొప్పున డబ్బాల్లో పెట్టి, మూత మీద కాల్పుల సంఖ్య రాస్తున్నాను. పోయిన వారం ఒక డబ్బాలో ఏడు పాకెట్లు బొటనవేలితో నొక్కితేనే ప్రైమర్‌ని లోపలికి తీసుకున్నాయి, అంటే వదులైపోయాయి. ఆ డబ్బా మొత్తం ప్రెస్‌తో నలిపి తుక్కు బకెట్‌లో వేశాను. కోసిన ఆ సగం కేసు మాత్రం ఇంకా ప్రెస్ పక్కనే ఉంది.