నరసాపురంలో కాపురమా, హైదరాబాద్‌లోనా?

ఇంటి నుంచే ఉద్యోగం చేసుకునే వీలున్నవాళ్లు ఈ మధ్య తరచూ అడుగుతున్న ప్రశ్న ఇది. నా మొగ్గు గోదావరి ఒడ్డునున్న నరసాపురం వైపే, కానీ ఒక షరతు మీద.

ఖర్చు సంగతి తెలిసిందే. కూకట్‌పల్లిలో రెండు గదులకిచ్చే అద్దెకు ఇక్కడ పెరడున్న ఇల్లే దొరుకుతుంది. అసలు తేడా మనుషుల దగ్గరుంది. అపార్ట్‌మెంట్లో పక్క ఫ్లాట్ వాళ్ల పేరు తెలియకుండానే ఏళ్లు గడిచిపోతాయి. ఇక్కడ సాయంత్రమైతే ఆడవాళ్లు అరుగు మీద కూర్చుని క్రోషే సూదితో లేసు అల్లుతుంటారు (2024లో భౌగోళిక గుర్తింపు, అంటే ఈ ప్రాంతపు ప్రత్యేకత అన్న జీఐ ట్యాగ్, దక్కింది ఈ లేసుకే). చూపు దారం మీదే ఉన్నా చెవి మాత్రం వీధిలో ఉంటుంది. మనకు జ్వరమొస్తే చారు గిన్నె ఆ అరుగు మీంచే వస్తుంది. పెళ్లెప్పుడు, జీతమెంత అనే ప్రశ్నలూ అక్కడి నుంచే వస్తాయి. తన మానాన తాను బతకాలనుకునేవాళ్లకి, ముఖ్యంగా ఒంటరిగా ఉండే అమ్మాయిలకి, హైదరాబాదే నయం.

నగరంలో పది కిలోమీటర్లకి గంట ట్రాఫిక్. ఇక్కడ బండితో సహా పంటు (మనుషుల్నీ బండ్లనీ ఏరు దాటించే పడవ) ఎక్కితే వశిష్ఠ గోదావరి గాలి పీల్చుకుంటూ అవతలి ఒడ్డున సఖినేటిపల్లిలో దిగుతాం. వరదొస్తే మాత్రం పంటు ఆపేస్తారు.

ఇక షరతు, వైద్యం. చిన్నాచితకా జబ్బులకు ఇబ్బంది లేదు. గుండెకో మెదడుకో కష్టమొస్తే భీమవరమో, ఆపైన విజయవాడో పరుగెత్తాలి. దారి పొడుగునా టెన్షనే. ఇంట్లో పెద్దవాళ్లకి తరచూ స్పెషలిస్టు అవసరమైతే నగరం వదలొద్దు. ఆ అవసరం లేకపోతే ముందు ఆర్నెల్లు ఇక్కడ అద్దెకు దిగి చూడండి.