నెగటివ్ అయాన్ మెషిన్: దుమ్ము వరకే నమ్మండి

గాలి శుభ్రం చేస్తుందని చెప్పే ఈ మెషిన్‌ని విశాఖ డాబాగార్డెన్స్‌లో 1,800 పెట్టి కొన్నాను. కంపెనీ పేరు రాయను, ఈ ధరలో దొరికేవన్నీ దాదాపు ఒకటే సరుకు. "ఆన్ చెయ్యండి మాస్టారూ, హాల్లో అరకు గాలే" అన్నాడు షాపు కుర్రాడు. అట్టపెట్టె ఇంకో మెట్టు పైకెళ్లింది: అయాన్లు (అంటే ఛార్జి ఉన్న అణువులు) గాలిలోకి తేమ తెచ్చి గొంతు ఆరనివ్వవట! పక్కన పొగమంచు బొమ్మ. ఇంటర్ పిల్లలకి కెమిస్ట్రీ చెప్పి రిటైరైనవాణ్ణి, ఆ బొమ్మ చూసి ఊరుకోలేకపోతున్నాను.

లోపలి సూదికి కొన్ని వేల వోల్టులు అందుతాయి. బయటికొచ్చిన ఎలక్ట్రాన్లు ఆక్సిజన్‌కి అంటుకుంటాయి, అవే నెగటివ్ అయాన్లు. ఇంతవరకు నిజమే. కానీ నీటి అణువు ధ్రువ అణువు, అంటే హైడ్రోజన్ వైపు కాస్త పాజిటివ్, ఆక్సిజన్ వైపు కాస్త నెగటివ్; ఆ తేడాకి కొలతైన డైపోల్ మొమెంట్ 1.85 డిబై. నెగటివ్ అయాన్ తగిలితే హైడ్రోజన్ వైపు తిప్పి అతుక్కుంటుంది, పాజిటివ్ అయితే ఆక్సిజన్ వైపు. ఫిషింగ్ హార్బర్లో బోటు ఆగగానే బేరగాళ్లు మూగినట్టు అయాన్ చుట్టూ నీటి అణువులు మూగుతాయి. మొదటి అణువు పట్టు గట్టిది, తర్వాత వచ్చేవాటిది సడలుతూ పోతుంది. అందుకే గుంపు కొద్ది అణువులతోనే ఆగుతుంది.

మన విశాఖలో 30 డిగ్రీలు, 80 శాతం తేమ ఉన్న రోజున ఒక్కో ఘన సెంటీమీటరు గాలిలో సుమారు 8 లక్షల లక్షల కోట్ల నీటి అణువులుంటాయి. ఇక ఒంటరి అయాన్ ఎక్కడ మిగులుతుంది? మెషిన్ మూతి దాటేలోపే చుట్టూ నీళ్లు చేరిపోతాయి. పైగా అది ఉన్న తేమనే పట్టుకుంటుంది గానీ కొత్తగా తెచ్చేదేమీ లేదు. పెట్టె మీద రాసిన లక్షల అయాన్లూ తలో పది అణువులు పట్టుకున్నా లెక్కలోకి రాదు.

పొగమంచు మాటకొస్తే, అయాన్ల మీద నీటి బొట్లు కట్టించి చూపించినవాడు సి.టి.ఆర్. విల్సన్. అలా బొట్లు కట్టించే ఆయన పెట్టె క్లౌడ్ చాంబర్, దానికి 1927లో నోబెల్ వచ్చింది. దుమ్ములేని గాలిలో నెగటివ్ అయాన్ మీద బొట్టు కట్టాలంటే తేమ సంతృప్త స్థాయికి (గాలి మామూలుగా పట్టుకోగల గరిష్ఠ తేమకి) నాలుగు రెట్లు కావాలి, పాజిటివ్‌కి ఆరు రెట్లు. మా హాల్లో అంత తేమ ఉంటే గోడలు కారిపోవూ!

పనిచేసేది మాత్రం దుమ్ము మీద. అయాన్ గుంపులు ధూళి కణాలకి ఛార్జి ఇస్తాయి, అవి దగ్గరున్న గోడకి అంటుకుంటాయి. మెషిన్ వెనక సున్నం గోడ మీద జానెడు వెడల్పున నల్లమచ్చ తేలింది, అంచులు పలచగా, నడుమ చిక్కగా. తడిగుడ్డతో రుద్దితే మసి సగం వచ్చింది, సున్నం కూడా కొంత వచ్చింది. మా ఆవిడ అప్పట్నుంచీ దాన్ని "నీ మెషిన్" అంటోంది. ఉప్పుగాలికి సూది కొస తెల్లగా పొరకడుతుంది, స్విచ్చి తీసి పొడి బ్రష్‌తో తుడవాలి.

ముక్కు దగ్గర పెట్టి చూస్తే ఓజోన్ వాసన తెలుస్తోంది, అది ఊపిరితిత్తులకి పడని వాయువు. తలుపులు మూసిన పడగ్గదిలో, ఉబ్బసం ఉన్నవాళ్ల దగ్గర అస్సలు పెట్టొద్దు. కరెంటు ఖర్చు లేనట్టే, చప్పుడూ తక్కువే. 5కి 2 స్టార్లు. కొనేవాళ్లు ఆయిల్ పెయింట్ గోడ చూసుకుని పెట్టుకోండి.