ఆరుబయట శిల్పానికి రాయి మేలా, కంచు మేలా?

కడప వంటి ఊరిలో, జనం సాయంకాలం నడిచే తోటలో, మనుషుల అనుబంధాన్నీ రక్షణనూ నమ్మకాన్నీ చూపే శిల్పం నిలపాలంటే దానిని గ్రానైటులో చెక్కించాలా, కంచులో పోత పోయించాలా అన్నది ముందుగా తేల్చుకోవాలి. సిమెంటు, ఫైబరు బొమ్మలు చవకే గాని, ఎండకు వెలిసిపోయి పెచ్చులూడే వాటిని ఇక్కడ లెక్కలోకి తీసుకోను.

నార్వేలోని ఓస్లో నగరంలో శిల్పి గుస్తావ్ వీగెలాండ్ శిల్పవనం ఈ రెండింటినీ పక్కపక్కన చూపుతుంది. వంతెన మీద 58 కంచు విగ్రహాలు పరుగెడుతూ, చేతులు చాస్తూ, బిడ్డలను ఎత్తుకుంటూ కనిపిస్తే, వనం నడుమ సుమారు 17 మీటర్ల గ్రానైటు స్తంభంలో 121 మంది ఒకరినొకరు పెనవేసుకుని పైకి సాగుతారు. ముగ్గురు శిల్పులు 1929లో మొదలుపెట్టిన ఆ చెక్కుడు పని 1943 దాకా సాగింది. రాయి బరువును అద్భుతంగా మోస్తుంది గాని లాగుడుకు, వంపుకు తట్టుకోదు కనుక, చాచిన చేయి రాతిలో విరుగుతుంది, లోపల బోలుగా పోసిన కంచులో నిలుస్తుంది. అందుచేత పడిపోయేవారిని మునివేళ్లతో పట్టుకున్న నమ్మకం కంచుకే సాధ్యం.

రక్షణ మాత్రం రాతి సొత్తు. లేపాక్షిలో ఒకే బండ నుంచి వెలువడిన ఏడు పడగల నాగు లింగానికి గొడుగు పట్టింది; ఒంటిమిట్టలో సీతారామలక్ష్మణులు ఒకే శిలలో ఉన్నారు. విడదీయడానికి అతుకే లేని బంధాన్ని చూపడానికి ఇంతకన్నా మంచి దారి నాకు తోచదు.

తాకిన చోటల్లా కంచు మెరుగెక్కుతుంది. ఓస్లోలో కోపంతో కాలు నేలకేసి కొట్టే పసివాడి చేయి జనం పట్టుకుని పట్టుకుని బంగారంలా మెరుస్తోంది. అది నిజంగా గొప్ప గుణం. అయితే మన వేసవి మధ్యాహ్నం లోహాన్ని ముట్టుకున్న పిల్లల చేయి చురుక్కుమంటుంది; రాయీ వేడెక్కుతుంది గాని ఆ వేడిని అంత వేగంగా చేతికి అందించదు. పైగా కంచుకు దొంగల భయముంది: లండన్‌లోని డల్విచ్ పార్కులో శిల్పి బార్బరా హెప్‌వర్త్ చేసిన కంచు శిల్పాన్ని 2011లో ఎత్తుకుపోయారు.

కాబట్టి కడపకు గ్రానైటే మేలని నా అభిప్రాయం. ఆకారాన్ని మాత్రం రాతికి తగినట్లు, పొదివి పట్టుకున్న దేహాలుగా, పిల్లలకు అందే ఎత్తులో ఊహించాలి. పొరలుగా చీలే కడప బండ శిల్పానికి పనికిరాదు గాని చుట్టూ అరుగులకు చక్కగా సరిపోతుంది. చెక్కే చేతుల కోసం దూరం వెళ్లనక్కరలేదు, ఆళ్లగడ్డ శిల్పులు ఉన్నారు.