కేబిన్ సైజ్ అని స్టిక్కర్ ఉంది, రేణిగుంటలో 2,100 పోయింది

తిరుపతి నుంచి వచ్చాక కూడా మా ఆయన కోపం తగ్గలేదు. నాది అసలే తగ్గలేదు. దర్శనం హాయిగా అయింది, ఆ విషయంలో ఏ లోటూ లేదు. మా డబ్బు పోయింది రేణిగుంట విమానాశ్రయంలో, అదీ ఒక ట్రాలీ బ్యాగు చక్రాల వల్ల.

నేను, ఆయన, అత్తయ్య, ముగ్గురం హైదరాబాద్ నుంచి వెళ్లాం. కొద్దిపాటి బట్టలకి పెద్ద లగేజీ ఎందుకని చేతి సామాను మాత్రమే ఉండే చవక టికెట్లు తీసుకున్నాం. మనిషికి ఒక వైపుకి 350 తగ్గింది. ఆ ప్రయాణం కోసమే ఆయన 3,499 పెట్టి కొత్త గట్టి ట్రాలీ కొన్నారు. దాని మీద 'కేబిన్ సైజ్, 20 అంగుళాలు' అని అరచేతి అంత స్టిక్కర్.

వెళ్లేటప్పుడు శంషాబాద్‌లో దాన్ని ఎవరూ కొలవలేదు, తూచలేదు. తిరుగు ప్రయాణంలో అదే సంస్థ, అదే బ్యాగు. రేణిగుంటలో కౌంటర్ అబ్బాయి పక్కనున్న ఇనుప చట్రం చూపించి, "ఇందులో పెట్టండి సార్" అన్నాడు. చక్రాలు అడుగున తగిలి ఆగిపోయాయి, పైన హ్యాండిల్ వైపు రెండు వేళ్ల మందం బయటే ఉండిపోయింది. ఆయన మోచేత్తో నొక్కారు, తిప్పి పెట్టారు, మళ్లీ నొక్కారు. గట్టి ప్లాస్టిక్ కదా, ఒక్క పిసరు లొంగలేదు.

"రెండు వేళ్లే కదా నాయనా" అని అత్తయ్య బతిమాలారు.

"రూల్ అమ్మా, నా చేతిలో ఏం లేదు" అన్నాడు.

తూచితే 9 కిలోల 300 గ్రాములు. 2,100 కట్టించుకుని రసీదు ఇచ్చారు. పక్క వరుసలో ఒకాయన మా ట్రాలీకంటే బొద్దుగా ఉన్న బ్యాక్‌ప్యాక్ భుజానేసుకుని దర్జాగా వెళ్లిపోయాడు. దాన్ని చట్రంలో పెట్టమని అడిగిన వాళ్లు లేరు. రూల్ ఉండొద్దని నేననను. ఉంటే రెండు ఊళ్లలోనూ ఉండాలి, అందరి బ్యాగులకీ ఉండాలి. విమానంలో అత్తయ్య ఒక్క మాట మాట్లాడలేదు, ఆయన కిటికీలోంచి తల తిప్పలేదు.

ఇంటికొచ్చి టేపు పెట్టి కొలిచాను. చక్రాలు, పిడి వదిలేస్తే బ్యాగు ఒక్కటీ 51 సెంటీమీటర్లు, అంటే 20 అంగుళాలు నిజమే. చక్రాలు, పైన పట్టుకునే పిడి కలిపితే 57. మన చవక విమానాల్లో మామూలుగా ఒప్పుకునేది పొడవు, వెడల్పు, మందం 55×35×25, మూడూ కలిపి 115 సెంటీమీటర్లు, బరువు 7 కిలోలు. షాపుకి ఫోన్ చేస్తే, "అది బాడీ సైజ్ మేడమ్, చక్రాలు కలపరు" అని సమాధానం. మరి చక్రాలు ఊడదీసి ఎక్కాలా? వాపసు తీసుకోరట, వేరే బ్యాగు కావాలంటే ఇస్తారట.

కాబట్టి కొనేవాళ్లు టేపు తీసుకెళ్లండి, నేల నుంచి పిడి దాకా షాపులోనే కొలవండి. అంతకంటే ముఖ్యం ఖాళీ బరువు. మాది ఖాళీగానే 2.9 కిలోలు. 7లో అది పోతే సామానుకి మిగిలింది నాలుగు కిలోలు, అందులో అత్తయ్య పట్టుచీరలే కిలో దాటాయి. మందం పెంచుకునే అదనపు జిప్పు ఉన్నది వద్దే వద్దు, అది తెరిచారంటే 25 దాటినట్టే. నన్నడిగితే కిలో లోపు బరువుండే మెత్తని గుడ్డ బ్యాక్‌ప్యాక్ మేలు, చట్రంలో కుక్కితే దిగుతుంది. చిత్తూరు, తిరుపతి వాళ్లు చెన్నై వెళ్లి విదేశీ చవక విమానాలు ఎక్కుతుంటారు, వాళ్లకింకో మెలిక ఉంది. స్కూట్‌లో 10 కిలోల దాకా ఒప్పుకుంటారు కానీ కొలత 54×38×23. ఎయిర్ఏషియాలో 56×36×23, చేతి సంచితో కలిపి 7 కిలోలే. 54×35×23 లోపు కొనుక్కుంటే నేను చెప్పిన వీటన్నిటిలోనూ నడుస్తుంది.

బస్టాండు దగ్గర మేం దిగిన లాడ్జి గురించి కూడా చెప్పాలి. గది 1,800. 'ఇరవై నాలుగు గంటలు' అని ఫోన్లో చెప్పి, తెల్లారి తొమ్మిదికల్లా తలుపు కొట్టారు. సాయంత్రం దాకా బ్యాగు ఉంచమంటే వంద రూపాయలన్నారు. రైల్వే క్లోక్ రూమ్‌కి వెళ్దామనుకుంటే అక్కడ తాళం లేని బ్యాగు తీసుకోరు. బ్యాక్‌ప్యాక్ కొనేటప్పుడు జిప్పులకి తాళం పట్టే రంధ్రాలున్నాయో లేదో అందుకే చూసుకోమంటున్నాను.

అదే అలిపిరిలో చూడండి. ఆయన 3,550 మెట్లూ నడిచే ఎక్కారు, నేనూ అత్తయ్యా బస్సులో వెళ్లాం. మెట్ల మొదట్లో దేవస్థానం కౌంటర్‌లో ట్రాలీ ఇస్తే చీటీ రాసిచ్చారు, కొండ మీద చీటీ చూపించగానే చేతికిచ్చారు. పైసా తీసుకోలేదు. ఈ యాత్ర మొత్తంలో ఆ బ్యాగుని మర్యాదగా చూసింది ఆ కౌంటర్ వాళ్లే.

ఇక లడ్డూలు. చుట్టాలకని అదనంగా పది కొన్నాం, ఒక్కోటి 50. ఒక్కో లడ్డూ దాదాపు 175 గ్రాములు, అంటే కిలోముప్పావు. చాలామంది అవి బ్యాగులో సర్ది బరువు పెంచుకుంటారు. అత్తయ్య మాత్రం కవరు వదల్లేదు, చేత్తోనే పట్టుకున్నారు. ట్రాలీని గ్రాములతో సహా తూచిన అబ్బాయి ఆ కవరు వంక కూడా చూడలేదు. ఎండుకొబ్బరి మాత్రం పెట్టుకోవద్దు, అది త్వరగా అంటుకునే సరుకని ఆపేస్తారు. కారప్పొడి, పచ్చళ్లు కూడా చేతి సామానులో కుదరవు.

ఈ దారిలో చిన్న ఏటీఆర్ విమానం పడితే బ్యాగు కొలతలు సరిపోయినా తలపైన అరలు ఇరుకు. విమానం మెట్ల దగ్గరే ట్యాగ్ కట్టి కింద లగేజీ అరలోకి పంపేస్తుంటారు. అలా పంపేముందు పవర్ బ్యాంక్ బయటికి తీయాల్సిందే, దాన్ని కింద పెట్టనివ్వరు. పెద్దవాళ్ల షుగరు మాత్రలు, ఇంటి తాళాలు, డబ్బు ముందే చిన్న భుజం సంచిలో వేసుకోండి, వెనక జనం తోసుకొస్తుంటే మెట్ల మీద జిప్పులు తెరిచి వెతుక్కోవడం నరకం.