కెనొనెట్టా, ఎఫ్ఎం2నా? రెండూ వాడాక నా మాట

పాత ఫిల్మ్ కెమెరా కొనాలి, రేంజ్‌ఫైండరా (లెన్స్‌లోంచి కాకుండా వేరే చిన్న కిటికీలోంచి చూసేది) ఎస్సెల్లారా (లోపలి అద్దం సాయంతో లెన్స్‌లోంచే చూసేది) అని అడిగిన వాళ్లని నేను ముందు అడిగేది ఒకటే: ఏం తీస్తారు, ఎంత దగ్గరికెళ్లి తీస్తారు? నా దగ్గర రెండూ ఉన్నాయి, రేంజ్‌ఫైండర్ ఏమో 1972లో వచ్చిన కెనాన్ కెనొనెట్ క్యూఎల్17 జీ3, ఎస్సెల్లార్ ఏమో 1982లో వచ్చిన నికాన్ ఎఫ్ఎం2. రెండూ సెకండ్ హ్యాండే.

మా పిన్ని కూతురి పెళ్లికి రెండూ మెళ్లో వేసుకుని వెళ్లాను. జీలకర్ర బెల్లం ఎఫ్ఎం2తో తీశా. నొక్కగానే లోపల అద్దం లేచి ఒక్క క్షణం అంతా చీకటి, అంటే రీలు మీద ఏ క్షణం పడిందో దాన్నే మనం చూడలేం, పైగా ఆ టపాక్‌మనే చప్పుడికి పంతులుగారు మంత్రం ఆపకుండానే నా వైపో చూపు చూశారు. తలంబ్రాలకి కెనొనెట్ తీశా. దీంట్లో అద్దం లేదు, చిన్న టిక్కు తప్ప చప్పుడూ లేదు. ఫోటోలో ఎంతవరకు పడుతుందో చూపించే ఫ్రేము గీతల బయట కూడా కాస్త కనిపిస్తుంది కాబట్టి పెళ్లికొడుకు దోసిలి పైకి రావడం ముందే పట్టేసి నొక్కాను, బియ్యం గాల్లో ఉండగానే దొరికాయి.

కానీ అదే రీల్లో మొదటి ఆరు ఫోటోలు ఖాళీ. లెన్స్ మూత తియ్యలేదు మరి! రేంజ్‌ఫైండర్‌లో మనం చూసేది లెన్స్‌లోంచి కాదు, పైనున్న చిన్న కిటికీలోంచి, అందుకే మూత ఉన్నా అంతా చక్కగానే కనిపిస్తుంది. బ్యాటరీ వేసి ఆటో మోడ్‌లో పెట్టుంటే వెలుతురు చాలక షట్టర్ పడేదే కాదు, కానీ దానికి కావాల్సిన 1.35 వోల్టుల మెర్క్యురీ బ్యాటరీ ఇప్పుడు రాదు, నేను మాన్యువల్‌లోనే లాగిస్తున్నా.

పెళ్లికూతురి గోరింటాకు చేతులు దగ్గరగా తీద్దామంటే కెనొనెట్ 80 సెంటీమీటర్ల లోపలికి ఫోకస్ కాదు, నా ఎఫ్ఎం2కి ఉన్న 50 ఎంఎం లెన్స్‌తో 45 దాకా వెళ్లొచ్చు. లెన్సులు మార్చుకోవచ్చు కూడా, కెనొనెట్‌కి ఉన్న 40 ఎంఎం ఒక్కటే గతి. బుల్లిది కదా తేలికనుకునేరు, 620 గ్రాములు, లెన్స్ లేని ఎఫ్ఎం2 బాడీ కన్నా బరువే.

రేంజ్‌ఫైండర్ కొనేటప్పుడు ఫోకస్ రింగుని అనంతం (∞) గుర్తు దాకా తిప్పి దూరంగా ఉన్న సెల్ టవర్‌ని చూడండి, కిటికీ మధ్యలో కనిపించే రెండు బొమ్మలూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోవాలి. నేను చూడకుండా తెచ్చుకున్నా, మొదటి రీలు కడిగిస్తే మొహాలన్నీ మసక, వెనకాల గోడ మాత్రం అద్దంలా వచ్చింది, మళ్లీ రిపేరుకి డబ్బులు. షట్టర్ రేకులకి నూనె పట్టిందేమో కూడా చూడండి. ఎస్సెల్లార్ అయితే అద్దం దగ్గరి స్పాంజి బంకలా మారిందేమో వేలితో తాకి చూస్తే చాలు.

మొదటి కెమెరా అయితే ఎఫ్ఎం2 కొనండి, కనిపించిందే వస్తుంది, టెన్షన్ ఉండదు. నేను మాత్రం ఊరెళ్తే కెనొనెట్టే సంచిలో వేసుకుంటా, మూత ఇంట్లో వదిలేసి.